రాసుకుంటే తగ్గుతుందా? దుఃఖానికీ కళకూ నడుమ నిజంగా జరిగేదేమిటి

క్లుప్తంగా: ఆప్తులను పోగొట్టుకున్నవాళ్లకు ‘రాసుకో, పాడుకో, బొమ్మలేసుకో, తేలికవుతుంది’ అనే సలహా ఈ మధ్య అందరి నోటా వినిపిస్తోంది. పరిశోధనల ముందు నిలబెడితే ఆ సలహాలో సగమే నిలుస్తుంది. దుఃఖాన్ని వెళ్లగక్కినంత మాత్రాన ఒరిగేది కొద్ది. దానికి ఒక రూపం, ఒక హద్దు, వినే మనిషి దొరికినచోట మార్పు ఎక్కువ కనిపిస్తుంది. చిలీ దేశంలో గోనెగుడ్డ మీద కుట్టిన బొమ్మల నుంచి తెలుగు పల్లెల శోకాల దాకా ఆ మార్పు ఎలా వచ్చిందో, ఎక్కడ రాలేదో ఈ వ్యాసం పరిశీలిస్తుంది.

ఇంట్లో చావు జరిగి నెల తిరిగేసరికి పలకరింపులు పలచబడతాయి. పెద్దకర్మ అయిపోయి ఉంటుంది, చుట్టాలు ఊళ్లకు వెళ్లిపోయి ఉంటారు, పోయినవాళ్ల ఫోన్‌కి మాత్రం రీచార్జి గుర్తుచేసే మెసేజీలు వస్తూనే ఉంటాయి. మిగిలినవాళ్లకు ‘ధైర్యంగా ఉండాలి’ అన్న పాత మాటతోపాటు ఇప్పుడు కొత్త మాట ఒకటి అందుతోంది: డైరీ రాయమని, కుదిరితే ఆర్ట్ థెరపీ తరగతిలో చేరమని. ఫేస్‌బుక్‌లో తండ్రి గురించి పొడవైన పోస్టు పెట్టినవాళ్లకు ‘రాసేశావుగా, ఇక కోలుకుంటావు’ అన్న ఓదార్పు కామెంట్లలోనే దొరుకుతుంది.

ఇంకోవైపు వైద్యం కూడా దుఃఖం జోలికి వచ్చింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ వ్యాధుల జాబితా పదకొండో కూర్పు 2022 జనవరిలో అమల్లోకి వచ్చినప్పుడు, ఆరు నెలలు దాటినా మనిషిని పని చేసుకోనివ్వని తీవ్ర దుఃఖాన్ని విడిగా ఒక రుగ్మతగా గుర్తించింది. అదే ఏడాది మార్చిలో అమెరికా మనోవైద్యుల సంఘం తన మాన్యువల్‌లో పెద్దలకు 12 నెలల గడువు పెట్టి దాన్ని చేర్చింది. దీంతో సామాన్య పాఠకుడికి రెండు సందేహాలు వచ్చాయి. ఏడాది దాటి ఏడిస్తే జబ్బా? రాసుకుంటే ఆ జబ్బు రాకుండా ఉంటుందా? మొదటిదానికి జవాబు సులువు. ఏడాది దాటి ఏడవడం జబ్బు కాదు; రోజువారీ బతుకు మొత్తం ఆగిపోతేనే వైద్యులు అలా పిలుస్తారు. రెండోదే చిక్కు ప్రశ్న.

కుండ నిండితే ఒలకాలన్న ఊహ

‘కడుపులో దాచుకోకు, ఏడ్చెయ్యి’ అని ప్రతి ఇంట్లోనూ అంటారు. ఈ మాట వెనకున్న బొమ్మ ఒక కుండ. దుఃఖం అందులో నిండుతూ ఉంటుంది, ఒలకబోస్తే ఖాళీ అవుతుంది, లేకపోతే పగులుతుంది. విషాద నాటకం ప్రేక్షకుడి భయాన్నీ జాలినీ ప్రక్షాళన చేస్తుందన్న అరిస్టాటిల్ మాటను చాలామంది ఈ అర్థంలోనే వాడారు. 1895లో వియన్నా వైద్యులు బ్రాయర్, ఫ్రాయిడ్ కలిసి వెలువరించిన గ్రంథంతో ఆ బొమ్మ వైద్యంలోకీ నడిచొచ్చింది.

కోపం విషయంలో ఈ కుండ సిద్ధాంతం పరీక్షకు నిలవలేదు. అమెరికా మనస్తత్వవేత్త బ్రాడ్ బుష్‌మన్ 2002లో ప్రచురించిన ప్రయోగంలో, తమను అవమానించిన వ్యక్తిని తలచుకుంటూ బాక్సింగ్ సంచిని గుద్దినవాళ్ల కోపం, ఊరికే కూర్చున్నవాళ్ల కోపం కంటే ఎక్కువగా తేలింది. ఒలకబోస్తే తగ్గడం పోయి, కోపం ముదిరింది.

రాతకు వస్తే కథ కొంచెం మెరుగు. అమెరికా పరిశోధకులు జేమ్స్ పెన్నబేకర్, శాండ్రా బీల్ 1986లో 46 మంది కాలేజీ విద్యార్థులను వరసగా నాలుగు రోజులు, రోజుకు 15 నిమిషాలు రాయమన్నారు. కొందరు జీవితంలో తగిలిన పెద్ద దెబ్బ గురించీ, అప్పటి మనసు గురించీ కలిపి రాశారు. రాసిన వెంటనే వాళ్ల మనసు ఇంకా బరువెక్కింది, రక్తపోటు కాస్త పెరిగింది. తర్వాతి ఆరు నెలల్లో మాత్రం ఆరోగ్య కేంద్రానికి వెళ్లిన సార్లు తగ్గాయి. ఈ ఒక్క ప్రయోగం వెంట వందల ప్రయోగాలు వచ్చాయి. వాటిలో 146 అధ్యయనాలను కలిపి 2006లో లెక్కగడితే, సగటు మేలు ఉన్నమాట నిజమే గానీ చిన్నదని తేలింది.

ఆప్తుల మరణం విషయంలో ఆ చిన్నది కూడా గట్టిగా నిలబడలేదు. దుఃఖం మీద పరిశోధన చేసే మార్గరెట్ స్ట్రీబా బృందం 2002లో రెండు అధ్యయనాలు ప్రచురించింది. భాగస్వామిని పోగొట్టుకున్నవాళ్లు ఎంత ఎక్కువ చెప్పుకుంటే అంత త్వరగా కోలుకుంటారన్న నమ్మకానికి ఆధారం దొరకలేదు. రాయమని పురమాయించినా తేడా కనబడలేదు. ‘రాస్తే తగ్గుతుంది’ అని పోస్టర్లు వేసేవాళ్లు ఈ ఫలితం జోలికి రారు.

అయితే కళ వల్ల ప్రయోజనమే లేదా? లేదనడం తొందరపాటు అవుతుంది. పెన్నబేకర్ బృందమే 1997లో ఇలాంటి ప్రయోగాల్లోని రాతప్రతుల భాషను లెక్కపెట్టి చూసినప్పుడు ఆసక్తికరమైన సంగతి బయటపడింది. బాగుపడినవాళ్ల రాతల్లో ‘ఎందుకంటే’, ‘దానివల్ల’, ‘ఇప్పుడు అర్థమవుతోంది’ లాంటి మాటలు మొదటి రోజు తక్కువగా ఉండి, చివరి రోజుకు పెరిగాయి. మొదటి రోజే వివరణంతా సిద్ధంగా ఉన్నవాళ్లకు అంత మేలు జరగలేదు. అంటే పనిచేసింది ఒలకబోయడం కాదు, చెల్లాచెదురుగా ఉన్నది రాస్తూ రాస్తూ ఒక కథగా కుదురుకోవడం.

మోతాదు, విరామం

మనోవైద్యురాలు ఎలిజబెత్ క్యూబ్లర్ రాస్ 1969లో చెప్పిన ఐదు దశలు (నిరాకరణ, కోపం, బేరం, కుంగుబాటు, అంగీకారం) సినిమాల్లోనూ వాట్సాప్‌లోనూ స్థిరపడిపోయాయి. అసలు ఆమె మాట్లాడింది చావుకు దగ్గరైన రోగులతో. వెనక మిగిలినవాళ్ల మెట్ల వరస అది కాదు. దుఃఖం మెట్లెక్కి దిగిపోదు. స్ట్రీబా, హెంక్ షూట్ 1999లో ప్రతిపాదించిన నమూనా మన అనుభవానికి దగ్గరగా ఉంటుంది. మనిషి కాసేపు పోయినవాళ్ల వైపు తిరుగుతాడు, కాసేపు బతకాల్సిన పనుల వైపు తిరుగుతాడు. ఈ ఊగులాటే ఆరోగ్యం. ఏ ఒక్క వైపో బిగుసుకుపోతే చిక్కు.

తెలుగు ఇళ్లలోని కర్మకాండ లెక్క చూస్తే ఈ ఊగులాటకు ఎవరో క్యాలెండర్ కట్టినట్టు ఉంటుంది. చిన్నకర్మ మూడో నాడో దగ్గర్లోనో, పెద్దకర్మ పది పన్నెండు రోజులకు, ఆపైన నెలకొక మాసికం, ఏడాదికి సంవత్సరీకం, అక్కణ్నుంచి ఏటా ఒక్క తద్దినం. కులాన్ని బట్టి, ప్రాంతాన్ని బట్టి రోజులు మారతాయి గానీ నడక ఒకటే: దుఃఖాన్ని తలచుకోవాల్సిన రోజుల మధ్య ఎడం పెరుగుతూ పోతుంది. ఆ రోజు ఏడవచ్చు, వంట చేయాలి, పదిమందికి వడ్డించాలి. మర్నాడు పొలానికో ఆఫీసుకో పోవాలి. చచ్చినవాళ్ల నుంచి మనసును తెంపుకోవడమే దుఃఖం చేసే పని అని ఫ్రాయిడ్ 1917లో అన్నాడు. పోయినవాళ్లతో బంధం తెగదని, వేరే రూపంలో కొనసాగుతుందని పాశ్చాత్య పరిశోధకులు 1996లో పుస్తకం రాసి మరీ చెప్పాల్సి వచ్చింది. తద్దినం పెట్టే సమాజానికి అది వార్త కాదు.

కళ కూడా ఈ క్యాలెండర్ చేసే పనే చేస్తుంది. పద్యానికి నాలుగు పాదాలు, పాటకు పల్లవి, బొమ్మకు అంచు ఉంటాయి. లోపలికి దిగడానికి ఒక మెట్టు, బయటికి రావడానికి ఇంకో మెట్టు అన్నమాట. ఏ కర్మకాండకూ అవకాశం లేని దుఃఖం వచ్చి పడ్డప్పుడు ఆ అంచు విలువ తెలుస్తుంది. 2020, 2021లలో కరోనాతో పోయినవాళ్ల ముఖం చూడకుండానే పంపాల్సి వచ్చిన కుటుంబాలకు ఈ సంగతి వివరించనక్కర్లేదు. దీనికంటే తీవ్రమైన ఉదాహరణ చిలీలో ఉంది.

శాంటియాగోలో గోనెగుడ్డ మీద

1973 సెప్టెంబరు 11న చిలీలో సైన్యం తిరగబడింది. అధ్యక్షుడు అయెందే ఆ రోజే మరణించాడు, జనరల్ పినోచెట్ గద్దెనెక్కాడు. తర్వాతి నెలల్లో కార్మిక నాయకులనూ విద్యార్థులనూ ఇళ్ల నుంచి పట్టుకుపోయారు. వాళ్లలో వందలమంది మళ్లీ కనిపించలేదు. భార్యలు, తల్లులు జైళ్ల గేట్ల ముందు, శవాగారాల ముందు తిరిగితే ‘అలాంటి పేరుతో ఎవరూ లేరు’ అన్నదే జవాబు. శవం ఉండదు, తేదీ ఉండదు. బొట్టు తీయాలో ఉంచాలో తెలియని స్థితి అని తెలుగులో చెప్పుకోవచ్చు. పోలీన్ బాస్ అనే అమెరికా పరిశోధకురాలు ఇలాంటిదానికి ‘తేలని నష్టం’ అన్న అర్థం వచ్చే పేరు పెట్టారు. తేలని దుఃఖానికి ముగింపు ఉండదు కాబట్టి ఊగులాట కూడా ఆగిపోతుంది; ఎదురుచూపే మిగులుతుంది.

వీళ్లకు చర్చిలు కలిసి పెట్టిన ఒక సంఘం నీడనిచ్చింది. 1974 నుంచి శాంటియాగోలో ఆ సంఘం కుట్టుపని బృందాలు నడిపింది. ప్రభుత్వ ఒత్తిడితో 1975 చివర అది మూతపడితే, క్యాథలిక్ మతపెద్ద కార్డినల్ రౌల్ సిల్వా ఎన్రీకెస్ 1976 జనవరి 1న ‘వికారియా దె లా సొలిదారిదాద్’ అనే చర్చి విభాగాన్ని తెరిచి ఆ పని కొనసాగించాడు. మనుషులు మాయమైన కుటుంబాల స్త్రీలతోపాటు, మగవాళ్ల ఉద్యోగాలు ఊడి పస్తులున్న పేటల స్త్రీలు కూడా అక్కడికి వచ్చారు.

చేసే పని చూడ్డానికి చాలా మామూలుది. పిండి వచ్చిన గోనెసంచిని విప్పి ఉతికి ముక్కలుగా కత్తిరిస్తారు. దాని మీద పాతగుడ్డల పేలికలతో బొమ్మ కుడతారు. స్పానిష్‌లో గోనెగుడ్డను ‘అర్పియేరా’ అంటారు, ఆ బొమ్మలకూ అదే పేరు నిలిచింది. పైన ఆండీస్ కొండలు, మూలన పసుపుపచ్చని సూర్యుడు, కింద ఇళ్లు. దూరం నుంచి చూస్తే చిన్నపిల్లల గోడబొమ్మలా ఉంటుంది. దగ్గరికి వెళ్తే ఇంట్లో ఒక కుర్చీ ఖాళీ. వీధిలో వేలెడంత గుడ్డబొమ్మలు వరసకట్టి ‘ఎక్కడున్నారు?’ అన్న పలక పట్టుకుని నిలబడి ఉంటాయి. గుడ్డబొమ్మ ఒంటి మీద చొక్కా పేలిక కొన్నిసార్లు ఆ మాయమైన మనిషిదే.

ఈ చివరి వివరం దగ్గర ఆగాలి. పోయినవాళ్ల చొక్కా బీరువాలో మడతపెట్టి ఉన్నంతకాలం అది ఎదురుచూపు. మనిషి వస్తే తొడుక్కుంటాడు. కత్తెర పడిందంటే ఇక ఆ చొక్కాను ఎవరూ తొడుక్కోలేరు. రాడని ఒప్పుకోవడం ఇక్కడ నోటితో జరగలేదు, చేతులతో జరిగింది. అలాగని ఆ చొక్కా చెత్తలోకీ పోలేదు. తేలని నష్టానికి ఇది ఒక పాక్షికమైన కర్మకాండలా పనిచేసిందని అనుకోవడానికి ఆస్కారం ఉంది.

రెండో మార్పు డబ్బు వల్ల వచ్చింది. చర్చి ఈ బొమ్మలను కొని విదేశాలకు పంపేది, ప్రవాసంలో ఉన్న చిలీవాళ్ల ద్వారా యూరప్‌లో, ఉత్తర అమెరికాలో అమ్ముడుపోయేవి. మొగుడి సంపాదన మీదే బతికిన ఇల్లాలి చేతికి మొదటిసారి సొంత డబ్బు వచ్చింది. బృందానికి వెళ్లాలంటే ఇల్లు దాటాలి, బస్సెక్కాలి, నలుగురిలో కూర్చుని తన బొమ్మలో ఏముందో చెప్పాలి. ఇంట్లో మగవాళ్లు ఒప్పుకోక గొడవపడ్డ సందర్భాలు ఈ స్త్రీల కథనాల్లో తరచుగా వస్తాయి. స్వేచ్ఛ అనే మాటను ఇక్కడ కవితాత్మకంగా వాడనక్కర్లేదు. బస్సు చార్జీ, చేతిలో డబ్బు, బయటికి వెళ్లడానికి ఒక కారణం, ఇవి కలిస్తే వచ్చేది స్వేచ్ఛే.

ఆ స్త్రీలు కుట్టుపని దగ్గరే ఆగలేదు. నిరాహారదీక్షలు చేశారు, 1979లో, మూతపడి ఉన్న పార్లమెంటు భవనం కమ్మీలకు గొలుసులతో తమను తాము కట్టేసుకున్నారు. కుయేకా అనేది చిలీలో జంటగా ఆడే నాట్యం, చేతిరుమాలు ఊపుతూ ఆడామగా ఒకరి చుట్టూ ఒకరు తిరుగుతారు. 1978 మార్చి 8న శాంటియాగోలోని కౌపొలికాన్ నాటకశాలలో మాయమైనవాళ్ల స్త్రీలు దాన్ని ఒంటరిగా ఆడారు. ఎదుట మగవాడు ఉండాల్సిన చోటు ఖాళీగా వదిలేశారు. మరుసటి ఏడాది పినోచెట్ ప్రభుత్వమే కుయేకాను జాతీయ నాట్యంగా ప్రకటించింది. ఆ ప్రకటన రాసిన అధికారికి ఈ విడ్డూరం తట్టిందో లేదో. 1988లో పినోచెట్ కొనసాగాలా వద్దా అన్న ప్రజాభిప్రాయ సేకరణ జరిగినప్పుడు ‘వద్దు’ పక్షం టీవీ ప్రచారంలో ఆ ఒంటరి నాట్యం చూపించింది. అక్టోబరు 5న ‘వద్దు’కు దాదాపు 56 శాతం ఓట్లు పడ్డాయి.

ఇలాంటిదే ఇంకొకటి 1987లో అమెరికాలో మొదలైంది. ఎయిడ్స్‌తో పోయినవాళ్ల పేర్లు కుట్టిన బొంత అది. ఒక్కో పేరుకు ఆరడుగుల పొడవు, మూడడుగుల వెడల్పు, అంటే సుమారు ఒక సమాధి గోతి కొలత. ఆ అక్టోబరులో వాషింగ్టన్‌లో పరిచినప్పుడు 1,920 ముక్కలున్నాయి. చాలా కుటుంబాలు బయటికి చెప్పుకోలేకపోయిన చావులవి. ఇక్కడా కొలత ముందే నిర్ణయమైపోయింది. ఎంత కుట్టాలో తెలియడం కుట్టడానికి ధైర్యమిస్తుంది.

శోకాలు పెట్టే చోట

తెలుగు నేల మీద దుఃఖానికి రూపం కట్టే కళను నేర్పిన బడి లేదు, రాసిన పుస్తకమూ అరుదే. ఆ కళ పేరు శోకాలు పెట్టడం. ఒకచోట రాగాలు తీయడమంటారు, ఇంకోచోట వలపోత అంటారు. ‘ఏడుపులో కూడా రాగమేమిటి’ అని చదువుకున్నవాళ్లు చిన్నచూపు చూశారు గానీ, దాన్ని దగ్గరగా గమనిస్తే ఇందాక చెప్పుకున్న రూపం, హద్దు, వినే మనిషి అన్నీ అందులో కనిపిస్తాయి.

శవాన్ని పంచలో పడుకోబెట్టి ఉంటారు. వీధి మలుపు దగ్గర ఎవరో ఆడమనిషి గొంతు లేస్తుంది, ఆమె చూడ్డానికి వస్తోందన్నమాట. లోపల అప్పటిదాకా గోడకు ఆనుకుని ఉన్న చచ్చినవాడి భార్య గొంతు దానికి జవాబుగా లేస్తుంది. ఇద్దరూ ఒకరి మెడ ఒకరు పట్టుకుంటారు. మాటలు వరుసలతో మొదలవుతాయి, ఓ అన్నా, ఓ నాయనా, ఓ బావా అంటూ. పోయిన మనిషిని ‘నువ్వు’ అనే పిలుస్తారు. నువ్వు తెచ్చిన చీర, నువ్వు నాటిన చెట్టు, నువ్వు లేని పండగ అంటూ ఒక్కో వాక్యం చివర అచ్చును సాగదీస్తారు, ఆ సాగదీతలోనే తర్వాతి మాట వెతుక్కుంటారు. కాసేపటికి ఎవరో ‘ఊరుకో వదినా’ అని మంచినీళ్లిస్తారు. గొంతు దిగుతుంది. ఏడ్చిన మనిషే కళ్లు తుడుచుకుని, కొత్తబట్ట తెచ్చారా, దూరపు చుట్టాలకు కబురు పోయిందా అని అడుగుతుంది. ఇంకొకరు వస్తారు, మళ్లీ గొంతు లేస్తుంది.

పట్నం నుంచి వచ్చిన మనవడికి ఇది నటనలా కనిపించవచ్చు. ఇందాక చెప్పుకున్న ఊగులాట ఇదే, నిమిషాల లెక్కన జరుగుతోంది అంతే. మోతాదు ఉంది, విరామం ఉంది, విరామాన్ని ప్రకటించే బాధ్యత పక్కవాళ్లది. ఆగమని తనకు తాను చెప్పుకోవాల్సిన భారం ఏడ్చేవాళ్ల మీద లేదు.

శోకంలో ఇంకో పని కూడా జరుగుతుంది. చచ్చినవాడికి చెబుతున్నట్టుగా బతికినవాళ్లకు చెప్పాల్సినవన్నీ చెప్పేస్తారు. పుట్టింటి ఆస్తిలో జరిగిన అన్యాయం, అత్తగారి ఆరళ్లు, జబ్బులో ఆస్పత్రికి తీసుకెళ్లడానికి ముందుకు రాని కొడుకు, ఏవైనా రాగంలోకి ఎక్కవచ్చు. ఆ కొడుకు అక్కడే తలవంచుకుని నిలబడి వినాలి. మామూలు రోజున ఇందులో ఒక్క మాట అన్నా ఇంట్లో గొడవైపోతుంది. శవం దగ్గర ఆడదాని నోటికి ఆ కాసేపు హద్దు లేదు. తమిళనాట ఒప్పారి అనే చావు పాటల్లోనూ ఇదే తీరు కనిపిస్తుంది. అనుమతి ఉన్న ఆ కొద్ది గంటల స్వేచ్ఛ మర్నాటికి నిలబడుతుందా అన్నది వేరే ప్రశ్న. చాలాసార్లు నిలబడదు. చిలీ స్త్రీలకు కుట్టుపని వారం వారం కొనసాగింది, డబ్బు తెచ్చింది. శోకానికి ఆ రెండూ లేవు.

ఇప్పుడు ఆ కొద్ది గంటలు కూడా తగ్గిపోతున్నాయి. అపార్ట్‌మెంట్‌లో గొంతెత్తితే పక్క ఫ్లాటువాళ్లు తలుపు తీసి చూస్తారు. అమెరికా నుంచి కొడుకు వచ్చేదాకా శరీరం ఫ్రీజర్ బాక్స్‌లో ఉంటుంది. ఏడుపు ఎప్పుడు మొదలవ్వాలో, ఎప్పుడు ఆగాలో ఎవరికీ తెలియదు. టికెట్ దొరకనివాళ్లు వీడియో కాల్‌లో చూస్తారు, అక్కడ మెడ పట్టుకోవడానికి ఎవరూ ఉండరు. ‘డైరీ రాసుకో’ అన్న సలహా ఈ ఖాళీలోకే వచ్చి కూర్చుంది. శోకంలో నలుగురు కలిసి మోసిన పనిని డైరీ ఒక్కరి నెత్తిన పెడుతుంది.

పద్యం ఒక దారి, గేయం ఒక దారి

ఆధునిక తెలుగు కవులు ఆ పనిని కాగితం మీదికి తెచ్చారు. నాయని సుబ్బారావు తల్లి కోసం ‘మాతృగీతాలు’ రాశారు. విశ్వనాథ సత్యనారాయణ భార్య వరలక్ష్మి పోయాక ‘వరలక్ష్మీ త్రిశతి’ రాశారు. త్రిశతి అంటే మూడు వందలు. దుఃఖం మీద మూడు వందల పద్యాలు రాయడమంటే మూడు వందలసార్లు గణాలు సరిచూసుకోవడం. యతి దగ్గర ఒప్పే అక్షరం కోసం వెతికే ఆ క్షణంలో మనసుకు దుఃఖం కాక ఇంకో పని ఉంటుంది. ఛందస్సు భావానికి సంకెల అని వాదించినవాళ్లు ఉన్నారు. దుఃఖంలో ఉన్న మనిషికి అది చేతికర్రలా కూడా ఉపయోగపడుతుంది.

శ్రీశ్రీది వేరే దారి. మిత్రుడు కొంపెల్ల జనార్దనరావు 1937లో చిన్నవయసులోనే క్షయతో పోయాడు. 1950లో అచ్చయిన ‘మహాప్రస్థానం’ అతనికే అంకితమైంది. ఆ అంకిత గేయం మిత్రుడితో నేరుగా మాట్లాడుతుంది, శోకంలో లాగే ‘నువ్వు’ అంటుంది. కానీ కొంతదూరం వెళ్లాక అది లోకం మీదికి మళ్లుతుంది. ఒక మనిషి ప్రతిభను గుర్తించక ఆకలికీ జబ్బుకూ వదిలేసిన వ్యవస్థ మీద కోపంగా మారుతుంది. దుఃఖానికి కారణం వెతకడం పెన్నబేకర్ విద్యార్థుల్లో ‘ఎందుకంటే’ అన్న మాటగా కనిపించింది. ఇక్కడ ఆ ‘ఎందుకంటే’ రాజకీయమైంది. విశ్వనాథ దుఃఖాన్ని బంధంగా నిలుపుకున్నారు, శ్రీశ్రీ దాన్ని బయటికి తిప్పారు. ఏది మెరుగన్న తగవు సాహిత్య సభలకు వదిలేయవచ్చు. చావుకు మనిషి చేసిన తప్పు కారణమైనప్పుడు రెండో దారి దానంతటదే తెరుచుకుంటుంది, చిలీలో జరిగిందీ అదే. వయసు మీరి పోయిన తల్లి విషయంలో ఆ దారికి అర్థం ఉండదు.

పోయింది ఎవరు, పోగొట్టుకున్నది ఏమిటి

దుఃఖం నుంచి స్వేచ్ఛకు కళ దారి తీసిందనగానే తెలుగువాళ్లకు గుర్తురావాల్సిన పేరు తరిగొండ వెంగమాంబ. ఆమె 18వ శతాబ్దంలో, ఇప్పటి గుర్రంకొండ దగ్గరి తరిగొండలో పుట్టింది. చిన్నతనంలోనే పెళ్లి, కొద్దికాలానికే వైధవ్యం. శిరోముండనం చేయించుకోనని, వేంకటేశ్వరుడే తన భర్త అని నిలబడిందని సంప్రదాయ కథనాలు చెబుతాయి. ఊరి వేధింపులు భరించలేక తిరుమల చేరి అక్కడే యక్షగానాలు, ద్విపద కావ్యాలు, ‘వేంకటాచల మాహాత్మ్యము’ రాసింది. ఈనాటికీ శ్రీవారి ఏకాంతసేవలో ముత్యాల హారతి ఆమె పేరున సాగుతుంది. ‘తాళ్లపాకవారి లాలి, తరిగొండవారి హారతి’ అన్న నానుడి అక్కణ్నుంచే వచ్చింది.

ఆమె దుఃఖం భర్త కోసమా? ఆ వయసు పిల్లకు భర్త పరిచయమే అంతంతమాత్రం. మరణం తీసుకెళ్లిన మనిషి కంటే, మరణం పేరుతో సమాజం లాక్కోవడానికి వచ్చిన జుట్టు, బొట్టు, పదిమందిలో తిరిగే హక్కు పెద్ద నష్టం. అలాంటి నష్టాన్ని రాసి ఒలకబోస్తే ప్రయోజనం లేదు. ‘విధవ’ అన్న పాత్రకు బదులు ఇంకో పాత్ర కావాలి. భక్తి ఆమెకు ఆ పాత్రనిచ్చింది, కవిత్వం దాన్ని పదిమంది చేత ఒప్పించింది. దుఃఖం తర్వాతి స్వేచ్ఛ గురించి మాట్లాడేటప్పుడు ఈ తేడా తరచూ జారిపోతుంది. భర్త పోయిన స్త్రీకి ఆర్ట్ థెరపీ సూచించేవాళ్లు, ఆమె పేరు మీద ఇల్లు ఉందో లేదో కూడా అడగడం మంచిది.

బండారు అచ్చమాంబ (1874–1905) తీరు ఇంకోలా ఉంటుంది. ఆమె పిల్లలిద్దరూ చిన్నతనంలోనే పోయారు. ఆమె కలం మాత్రం ఎక్కువగా ఇతర స్త్రీల జీవితాల వైపే తిరిగింది. ‘అబలా సచ్చరిత్ర రత్నమాల’ కోసం దేశదేశాల స్త్రీల చరిత్రలు సేకరించింది, స్త్రీ సమాజాల కోసం ఊళ్లు తిరిగింది. ఆ పని బిడ్డల దుఃఖం నుంచే పుట్టిందని తేల్చి చెప్పలేం. దుఃఖంలో ఉన్న మనిషి చేసే సృజన దుఃఖం గురించే ఉండి తీరాలన్న నియమం లేదని మాత్రం ఆమె జీవితం చూపిస్తుంది.

ఎక్కడ పనిచేయదు

చావు జరిగిన మొదటి రోజుల్లో కాగితం ముందు కూర్చోబెడితే మేలు కంటే బరువే ఎక్కువ కావచ్చు. పద్ధతి ప్రకారం రాసినవాళ్లకే రాసిన వెంటనే మనసు కుంగిందని మొదటి ప్రయోగమే చెప్పింది. రాసిందే రాస్తూ ‘ఆ రోజు ఆస్పత్రి మార్చి ఉంటే’ అన్న ఒక్క వాక్యం చుట్టూ తిరగడం రాత రూపంలో ఉన్న కుంగుబాటే. పది పేజీల తర్వాత కూడా కొత్త మనిషి, కొత్త సంఘటన, కొత్త ‘ఎందుకంటే’ రాకపోతే పెన్ను పక్కనపెట్టడం నయం. సోషల్ మీడియా పోస్టుకు వినే మనుషులైతే దొరుకుతారు, ‘ఊరుకో వదినా’ అని నీళ్లిచ్చి ఆపే మనిషి దొరకదు. పైగా లైకులు తగ్గిన రోజున పోయినవాళ్లను జనం మర్చిపోయినట్టు అనిపించడం కొత్త గాయం.

సహజ మరణాల తర్వాత సుమారు పదిమందిలో ఒకరికి దుఃఖం జబ్బు స్థాయికి చేరుతుందని 2017 నాటి ఒక సమగ్ర లెక్క. బలవన్మరణం, ప్రమాదం, బిడ్డ చావు లాంటి వాటిలో ఆ ముప్పు ఇంకా ఎక్కువ. తిండి, నిద్ర, పని నెలల తరబడి కుదరకపోయినా, తనూ చచ్చిపోవాలన్న ఆలోచన వస్తున్నా రాత, పాట సరిపోవు. కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబరులో మొదలుపెట్టిన టెలీ మానస్ నంబరు 14416కు ఎప్పుడైనా ఫోన్ చేయవచ్చు, తెలుగులో మాట్లాడవచ్చు.

రూపం కట్టిన దుఃఖం కూడా అన్నీ తీర్చదు. అర్పియేరాలు ఇవాళ ఎన్నో దేశాల మ్యూజియంలలో గాజు వెనక ఉన్నాయి. వాటిని కుట్టిన స్త్రీలు ప్రభుత్వం మారేదాకా పోరాడారు, ఓటుతో మార్పు చూశారు. గుడ్డబొమ్మలు చేతుల్లో పట్టుకున్న ప్రశ్నకు మాత్రం పూర్తి జవాబు రాలేదు. సైనిక తిరుగుబాటుకు యాభై ఏళ్లు నిండిన 2023లో చిలీ ప్రభుత్వం జాతీయ అన్వేషణ ప్రణాళిక ప్రకటించినప్పుడు చెప్పిన లెక్క ప్రకారం మాయం చేయబడినవాళ్లు 1,469 మంది. వాళ్లలో అప్పటికి అవశేషాలు దొరికి గుర్తించగలిగింది 307 మందిని. మిగతా 1,162 మంది ఇళ్లలో, ఆ ఖాళీ కుర్చీ మనిషి ఏమయ్యాడో చెప్పే కాగితం అప్పటికీ దొరకలేదు.